పోజు దగ్గర ఆగిపోకు

తల్లీ,

మోడలింగ్ నుంచి సినిమాల్లో నటనకు రావాలని నువ్వు పంపిన ఆడిషన్ టేపు మూడుసార్లు చూశాను. రెండోసారి సౌండ్ తీసేసి చూశాను. సీనులో అన్న ఇల్లు వదిలి వెళ్లిపోయాడని తెలిసే చోట నీ మొహం లైటు వైపు కాస్త తిరిగింది, గడ్డం దిగింది, పెదవులు సన్నగా విడ్డాయి. అందంగానే ఉంది. కానీ ఆ కబురు విన్న మనిషి అలా ఉండదు. షట్టర్ పడుతుందని కాచుకున్న మొహం అది. ఏళ్ల తరబడి ఫోటోలకు నిలబడ్డ ఒంటికి పట్టిన అలవాటు, నిన్ను అని లాభం లేదు.

ఫోటోషూట్‌లో మూడు వందల ఫ్రేములు తీసి ఒకటి ఏరుకుంటారు. మిగతా వాటిలో కళ్లు మూసుకున్నా, మూతి వంకర పోయినా ఎవరికీ పట్టదు. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. ఎడిటర్ ఆ షాటు ఉంచాడంటే 24కి 24 తెరమీదికి వస్తాయి. ఒక పోజు నుంచి ఇంకో పోజుకు నువ్వు సర్దుకునే ఆ అరక్షణం ఫోటోలో ఎక్కడా కనపడదు. తెరమీద ముందు కనపడేదే అది.

దీనికి ఒక సాధన చెబుతాను. ఒక పేజీ సీను తీసుకుని ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టుకో. ఫోను వాళ్ల భుజం పక్కన పెట్టి నీ మొహం రికార్డు చెయ్యి. తర్వాత సౌండ్ లేకుండా, వాళ్లు మాట్లాడుతున్న భాగాలే చూడు. ఏ మాట దగ్గర నీకు ఏదో తగిలిందో కనిపెట్టగలుగుతున్నావా? కనపడకపోతే నువ్వు వినడం లేదు, నీ వంతు కోసం ఆగుతున్నావు. రోజుకు 20 నిమిషాలు, ఆరు వారాలు చెయ్యి. అద్దం ముందు మాత్రం వద్దు. వదిలించుకుంటున్న అలవాటునే అది మళ్లీ అంటగడుతుంది.

డైలాగులు బట్టీ పట్టేటప్పుడు భావం కలపకు. గిన్నెలు తోముతూనో బట్టలు మడతపెడుతూనో చప్పగా, అంకెలు చదివినట్టు చదువు. ఒక రాగంతో కలిపి నేర్చుకుంటే దర్శకుడు ‘ఇదే మాట నవ్వుతూ అనమ్మా’ అన్న క్షణంలో మాటలు కూడా ఎగిరిపోతాయి. సీను కాగితం మీద రెండే రాసుకో: ఎదుటి మనిషి నుంచి నాకేం కావాలి, ఈ గదిలోకి రాకముందు ఎక్కడున్నాను. షూటింగు కథ వరసలో జరగదు. పొద్దున చావు కబురు, మధ్యాహ్నం మొదటి పరిచయం తీస్తారు. ఆ రెండో వాక్యం లేకపోతే ఏ సీనులోనైనా అదే ముఖంతో అడుగుపెడతావు.

క్లోజప్‌లో ఎదుటివాళ్ల రెండు కళ్లనూ మార్చి మార్చి చూడకు. తెరమీద నీ కనుపాపలు పిచ్చిగా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న కన్నొక్కటే పట్టుకో. ప్రతి షాటుకు ముందు కెమెరామన్‌ని ‘ఫ్రేము ఎక్కడికి ఉంది?’ అని అడుగు. నడుము దాకా అంటే చేతులకు పనుంది. గడ్డం కింద కట్ అవుతోందంటే తల రెండంగుళాలు కదిలినా ఫ్రేములోంచి జారిపోతావు.

మోడలింగ్ నుంచే వచ్చిన హాలీవుడ్ నటి లారెన్ బకాల్ సంగతి నీకు పనికొస్తుంది. 1943 మార్చి హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రం మీద ఆమెను ఓ దర్శకుడి భార్య చూసి భర్తకు చూపించింది, సినిమా అవకాశం అలా వచ్చింది. మరుసటి ఏడు విడుదలైన తొలి సినిమా షూటింగులో భయంతో తల వణికిపోతుంటే గడ్డాన్ని దాదాపు ఛాతీకి ఆనించి, కళ్లు మాత్రం పైకెత్తి నిలబడింది. ‘ద లుక్’ అని లోకం పేరుపెట్టిన చూపు అదే. తర్వాత దాన్ని అనుకరించినవాళ్లు చాలామంది గడ్డం దించారు, లోపలి వణుకు వాళ్ల దగ్గర లేదు. ఇంకో సంగతి, ఆ సినిమాకు ముందు గొంతు మంద్రానికి దించుకోవడానికి ఆమె గట్టిగా చదువుతూ సాధన చేసింది.

నీదీ గొంతు సమస్యే. పైపై ఊపిరితో మాట్లాడుతున్నావు, వాక్యం చివర మాట మింగేస్తున్నావు. పొట్ట లోపలికి పీల్చి నిలబడటం అలవాటైన మోడళ్లలో ఇది మామూలే. బిగబట్టిన పొట్టలోకి ఊపిరి దిగదు మరి. నేలమీద వెల్లకిలా పడుకుని పొట్టమీద ఓ లావుపాటి పుస్తకం పెట్టు. ఊపిరి తీసినప్పుడు పుస్తకం లేవాలి, ఛాతీ కాదు. పది నిమిషాలు అలా చేశాక లేచి పావుగంట గట్టిగా చదువు, వాక్యంలో చివరి మాటను గోడకు తగిలేలా పలుకు. డబ్బింగులో మూడు బీప్‌లు వినిపిస్తాయి, నాలుగోది పడాల్సిన చోట నువ్వు మొదలుపెట్టాలి. ఊపిరి మూడో బీప్‌కే అందిపుచ్చుకోవాలి.

నడక గురించి రెండు ముక్కలు. ర్యాంపు మీద పాదాలు ఒకే గీత మీద పడతాయి, తుంటి ముందు నడుస్తుంది, మొహంలో ఏమీ ఉండదు. నర్సు పాత్రో గుమాస్తా పాత్రో వేస్తూ అలా నడిచావంటే నువ్వు నోరు తెరవకముందే జనం నమ్మడం మానేస్తారు. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, ఒక చేత్తో అయిదు కిలోల సంచి మోస్తూ వారంపాటు నడువు. బరువు ఎటు పోతుందో ఒంటికి తెలుస్తుంది. నేలమీద టేపుతో టి ఆకారంలో అతికించిన మార్కు దగ్గరికి రావాలంటే ముందు ఆ మార్కు మీద నిలబడి, డైలాగు చెప్పుకుంటూ వెనక్కి నడిచి, మొదలెట్టాల్సిన చోటు నువ్వే తేల్చుకో. ఇక కిందికి చూడక్కర్లేదు.

కంటిన్యుటీ కూడా నీకు కొత్తే. ఏ మాట మీద గ్లాసు ఎత్తావో, ఏ చేత్తో జుట్టు వెనక్కి తోశావో ప్రతి టేకులోనూ అలాగే ఉండాలి. లేకపోతే నీ మంచి టేకు ఎడిటింగులో అతకదు, పారేస్తారు. కాబట్టి చేతి పనులు తక్కువ పెట్టుకో. బట్టలు సవరించుకునే అలవాటు అస్సలు కూడదు, జాకెట్టు లోపల దాచిన మైకు మీద చెయ్యి రాసుకుంటే డైలాగు బదులు గరగర రికార్డవుతుంది.

అన్నీ మానుకోమనడం లేదు. లైటు ఎటునుంచి పడుతోందో చూడకుండానే పట్టేస్తావు, తెల్లవారుజామున అయిదింటికి మేకప్ కుర్చీలో ఉంటావు, నలభైమంది మధ్య సిగ్గుపడవు, ‘మళ్లీ’ అంటే చిన్నబుచ్చుకోవు. నాటకాల నుంచి వచ్చినవాళ్లకు ఇవన్నీ మొదట్లో కష్టం.

27 దాటింది, ఆలస్యమైందా అని అడిగావు. హాలీవుడ్ నటి రెనె రూసో 1970ల నుంచీ మోడలే, మొదటి సినిమా వచ్చేనాటికి 35 ఏళ్లు, 1989లో. ఇంకో హాలీవుడ్ నటి అంజెలికా హ్యూస్టన్‌ది ఇంకా పనికొచ్చే లెక్క. తండ్రే దర్శకుడైన 1969 సినిమాలో ఆమె నటనను విమర్శకులు చీల్చి చెండాడారు. తర్వాత కొన్నేళ్లు మోడలింగ్ చేసి, ముప్పై దాటాక పెగీ ఫ్యూరీ దగ్గర నటన నేర్చుకుంది. 1986లో సహాయనటిగా ఆస్కార్ అందుకుంది. పేరూ మొహమూ ముందే ఉన్న మనిషి తిరిగి క్లాసులో కూర్చుంది, అది చూడు.

ఇక కాగితాలు. నడుస్తున్న ప్రకటనల ఒప్పందాలన్నీ బయటికి తీసి నాలుగు విషయాలు పుస్తకంలో రాసుకో: గడువు ఎప్పటిదాకా, ఏయే దేశాల్లో, ఏయే మాధ్యమాల్లో, ఏ పోటీ సరుకుల దగ్గరికి పోకూడదు. జుట్టు నూనె, షాంపూల ఒప్పందాల్లో పొడవు, రంగు మార్చకూడదనే షరతు దాగి ఉంటుంది. పాత్ర కోసం కత్తిరించుకున్నాక గుర్తొస్తే నష్టపరిహారం నువ్వే కట్టాలి. సన్నిహిత సన్నివేశాలుంటే ఏం కనపడుతుంది, ఎవరు సెట్లో ఉంటారు, ఆ ఫుటేజి ప్రచారానికి వాడతారా అన్నవి షూటింగుకు ముందే రాతలో రావాలి. సెట్లో ‘చిన్న మార్పే కదా’ అంటే ఆ కాగితమే నీ తరఫున మాట్లాడుతుంది. ఏజెంటు నీ సంపాదనలోంచి కమీషన్ తీసుకుంటాడు, ముందు డబ్బడిగేవాడు ఏజెంటు కాడు. హోటల్ గదిలో ఆడిషన్ అంటే వెళ్లకు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండేదాకా మోడలింగ్ వదలకు. చేతిలో డబ్బు లేనప్పుడు చెత్త పాత్ర కూడా బాగానే కనిపిస్తుంది.

టేపు మళ్లీ తీసి పంపు. ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టు. వెనక సాదా గోడ, నీకూ గోడకూ మధ్య నాలుగడుగుల దూరం. లైటు మొహానికి ఓ పక్కగా, కాస్త పైనుంచి రానీ. ఛాతీ నుంచి ఫ్రేము. ఎదుటి డైలాగులు చదివే మనిషి లెన్సును ఆనుకునే నిలబడాలి, మెల్లగా చదవాలి, మొన్న వాళ్ల గొంతే నీదాన్ని మింగేసింది. మొదట పేరు, ఎత్తు చెప్పి నిలువెత్తు షాటు ఒకటి ఇవ్వు. ఫోటోలు జత చేస్తే రీటచ్ చెయ్యనివి పెట్టు, పుట్టుమచ్చతో సహా. మోడలింగ్ కొలతల కార్డు వద్దు. అన్న వెళ్లిపోయాడన్న మాట విన్నాక లైటు వెతుక్కోకు, అది చెప్పినవాళ్ల మొహంలోకే చూస్తూ ఉండు. తర్వాత డైలాగు ఆలస్యమైతే కానివ్వు.

ఇట్లు
పిన్ని