సిక్స్త్ ఫామ్‌కి స్థలం అమ్మక్కర్లేదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం, అందరం బ్రిటిష్ పౌరులమే. 2009 మార్చిలో ఇక్కడే పుట్టిన మా అమ్మాయి జీసీఎస్ఈ (మన పదో తరగతిలాంటి పరీక్షలు) రాసింది. ఈ సెప్టెంబరులో (2025) ప్రభుత్వ స్కూల్లోనే సిక్స్త్ ఫామ్‌లో (మన ఇంటర్‌లాంటి రెండేళ్ల చదువు) చేరుతుంది. బాబు ఏడో ఇయర్‌కి వస్తున్నాడు. నా జీతం పెన్షన్ కోత పోగా ఏడాదికి 64 వేల పౌండ్లు, నా భార్యకు 14 వేలు. నెలకు 300 పౌండ్లు మిగులుతాయి. హైదరాబాద్‌లో మా అన్నయ్య కొడుకు ఇంటర్‌కి లక్షలు పోశారు. మాకూ అంత అవుతుందా? గుంటూరు దగ్గర స్థలం ఉంది, అమ్మేయమంటారా?

జవాబు: స్థలం జోలికి వెళ్లకండి. ప్రభుత్వ స్కూలు సిక్స్త్ ఫామ్‌లో ట్యూషన్ ఫీజు ఉండదు. మీ అన్నయ్యగారు కట్టింది కార్పొరేట్ కాలేజీకి, హాస్టల్‌కి, కోచింగ్‌కి. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఎవరైనా ప్రైవేటు స్కూలుకి మార్చమని చెబితే మాత్రం, 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోందని గుర్తుంచుకోండి.

చిన్న ఖర్చులు ఉంటాయి. చాలా స్కూళ్లలో యూనిఫామ్ పోయి ఆఫీసుకెళ్లేవాళ్లలా ఫార్మల్ బట్టలు వేసుకోమంటారు. పుస్తకాలు, మ్యాథ్స్ తీసుకుంటే మంచి క్యాలిక్యులేటర్, ఖాళీ పీరియడ్లలో బయట తిండి. రైల్లో వెళ్లాల్సొస్తే 16-17 సేవర్ కార్డు తీసుకోండి, టికెట్ సగం ధరకే వస్తుంది. నిజానికి ఈ రెండేళ్లలో ఎక్కువ కుటుంబాలకు గట్టిగా తగిలేది చదువు కాదు, డ్రైవింగ్. పదిహేడు నిండగానే అడుగుతుంది, చూడండి. లైసెన్స్‌కి 34, థియరీకి 23, వారం మధ్యలో ప్రాక్టికల్ టెస్టుకి 62 పౌండ్లు, ఇవి పెద్ద లెక్క కాదు. క్లాసులు, ఇన్సూరెన్స్ దగ్గరే చేతులు కాలతాయి. శనివారాలు ఏదైనా షాపులో పని చేసి అందులో కొంత తనే పెట్టుకుంటానంటే అడ్డు చెప్పకండి. ఆ వయసుకి కనీస వేతనం 2025-26లో గంటకు 7.55 పౌండ్లు.

ఇక మీరు అడగని విషయం, నాకు ముఖ్యంగా కనిపించేది: చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల కోసం ప్రభుత్వం తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు. పదహారు నిండాక వచ్చే ఆగస్టు 31తో అది ఆగిపోతుంది. సిక్స్త్ ఫామ్‌లో ఏ-లెవెల్స్ కోర్సు చదువుతోందని మీరు హెచ్ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖ) చెబితేనే కొనసాగుతుంది. ఆన్‌లైన్లో చెప్పొచ్చు, ఫలితాలొచ్చి అడ్మిషన్ ఖాయం కాగానే చేసేయండి. మీ జీతం చూస్తే, పాత రూల్ ఉన్న రోజుల్లో 'ఎలాగూ పన్నులో పోతుంది' అని మీరు ఆ డబ్బు ఆపించేసి ఉంటారని నా అనుమానం. మనవాళ్లలో చాలామంది అదే చేశారు. 2024 ఏప్రిల్ నుంచి పరిస్థితి మారింది. ఇద్దరిలో ఎక్కువ సంపాదించేవారి ఆదాయం 60 వేలు దాటితేనే కోత మొదలవుతుంది, 80 వేలకు గానీ మొత్తం పోదు. 64 వేలకు పోయేది 20 శాతమే. ఆపించి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి.

ఇద్దరు పిల్లలకు 2025-26లో వారానికి 43.30, అంటే ఏడాదికి సుమారు 2,250 పౌండ్లు. మీరు పెన్షన్‌లో ఏడాదికి మరో 4 వేలు వేస్తే ఆదాయం 60 వేలకు దిగి ఆ 20 శాతం కోత కూడా పోతుంది. మీరు 40 శాతం పన్ను శ్లాబులో ఉన్నారు కాబట్టి ఆ 4 వేలకు చేతిలో తగ్గేది 2,400 మాత్రమే. బెనిఫిట్ ఇప్పటిదాకా ఆపించి ఉంటే, మళ్లీ వచ్చే 2,250 దాన్ని దాదాపు పూడ్చేస్తుంది. మీ నెలవారీ 300 ఎక్కడికీ పోదు.

ఆ 300 దేనికంటారా? అసలు బిల్లు 2027లో వస్తుంది, యూనివర్సిటీకి. ఫీజు, 2025-26 లెక్కన ఏడాదికి 9,535, మీ ఆదాయంతో సంబంధం లేకుండా లోన్‌గా దొరుకుతుంది. హాస్టల్, తిండి ఖర్చుల లోన్ అలా కాదు, ఇంటి ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. అదే 2025-26 లెక్కన, ఇల్లు వదిలి లండన్ బయట చదివితే గరిష్ఠం 10,544. ఇద్దరి జీతాలూ కలిపి 78 వేలున్న మీకు వచ్చేది కనిష్ఠమే, 4,915. మధ్యలో ఉన్న 5,629 మీరు సర్దాలి. ఈ మాట ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు, చాలామందికి చేరే ముందు వేసవిలో తెలిసి టెన్షన్ పడతారు. మూడేళ్లకు దాదాపు 17 వేలు. నెలకు 300 చొప్పున ఈ రెండేళ్లు, ఆ మూడేళ్లు దాస్తే 18 వేలు. రేట్లు పెరుగుతాయి, అందుకే జీతం పెరిగినప్పుడల్లా 20, 30 కలపండి.

ఆ డబ్బు మీ పేరున క్యాష్ ఐసాలో (వడ్డీ మీద పన్ను పడని పొదుపు ఖాతా) వేయండి. రెండేళ్లలో కావలసిన సొమ్ము షేర్లలో వద్దు. పిల్లల పేరున తెరిచే జూనియర్ ఐసా కూడా నేను చెప్పను. పద్దెనిమిది నిండగానే అది పూర్తిగా అమ్మాయి డబ్బు, హాస్టల్‌కి కడుతుందో పారిపోయి యూరప్ తిరుగుతుందో తన ఇష్టం.

స్థలం అమ్మితే లాభం మీద ఇండియాలోనూ ఇక్కడా లెక్క చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు ఉన్నా, అవసరం లేకుండా ఆ తలనొప్పి ఎందుకు?

ఇంకొకటి. అమ్మాయి పుట్టినప్పుడు మీరు చైల్డ్ బెనిఫిట్ తీసుకుని ఉంటే, తన పేరున చైల్డ్ ట్రస్ట్ ఫండ్ అనే పొదుపు ఖాతా ఉండి ఉండాలి. అప్పట్లో ప్రభుత్వం 250 పౌండ్లు వేసేది, మీరు ఖాతా తెరవకపోతే హెచ్ఎంఆర్‌సీయే తెరిచేది. తన నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్లో వెతికించండి. వెతికిపెడతామని కమిషన్ అడిగే కంపెనీలకు పైసా ఇవ్వకండి, ఆ పని ఉచితం.