ముక్కు దూలం వంకరకు అమెరికాలో ఆపరేషన్: ఒప్పుకునే ముందు, చేయించుకున్నాక

ఎప్పుడో ఇండియాలో ఈఎన్‌టీ డాక్టరు చీటీ మీద డీఎన్‌ఎస్ అని రాసి ఉంటారు, అంటే రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ (దూలం) వంకరగా ఉందని. అమెరికా వచ్చిన రెండో ఏడో మూడో ఏడో వసంతకాలంలో ముక్కు బిగుసుకుపోతుంది. రాత్రంతా నోటితో ఊపిరి, పొద్దున లేచేసరికి నాలుక పిడచగట్టుకుపోయి ఉంటుంది. అప్పుడా పాత చీటీ గుర్తొస్తుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా, ఆపరేషన్ చేయించేసుకుంటే పోతుందనిపిస్తుంది. కాస్త ఆగండి. దూలం నిట్టనిలువుగా ఉన్న ముక్కులు తక్కువ. కొద్దో గొప్పో వంకర చాలామందికి ఉంటుంది, ఎక్కువమందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. వంకర ఉందని తేలితే చాలదు, మీ ఊపిరికి అడ్డం అదేనని తేలాలి.

దూలం ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం ఎముక. కాలాన్ని బట్టి అది వంగదు, తిన్నగా అవదు. కాబట్టి ఏడాది పొడుగునా ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోతుంటే దూలాన్ని అనుమానించాలి. కాసేపు కుడి, కాసేపు ఎడమ అన్నట్టు మారుతుంటే, పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కిందివైపుది మూసుకుపోతుంటే, అది లోపలి పొర వాపు. కొన్ని గంటలకోసారి ఒక పక్క ఉబ్బి రెండో పక్క తగ్గడం ఏ జబ్బూ లేనివాళ్లలోనూ జరుగుతుంది. చెట్ల పుప్పొడికీ, చలికాలం హీటర్ గాలికీ రెచ్చిపోయేదీ ఈ పొరే. కొత్త చోటి పుప్పొడికి అలర్జీ రావడానికి ఒకటి రెండు సీజన్లు పట్టొచ్చు. అందుకే వచ్చిన కొత్తలో లేని బాధ తర్వాత మొదలవుతుంది.

ఇంట్లోనే చూసుకోగలిగేది ఇంకొకటుంది. ముక్కు పక్కన బుగ్గ మీద రెండు వేళ్లు ఆనించి, చర్మాన్ని చెవి వైపుకి మెల్లగా లాగి గాలి పీల్చండి. ఒక్కసారిగా గాలి హాయిగా ఆడితే, పీల్చినప్పుడల్లా ముక్కు పక్క గోడ లోపలికి పడిపోతోందేమో చూపించుకోవాలి. దీన్ని నేజల్ వాల్వ్ సమస్య అంటారు. దూలం ఒక్కటీ సరిచేస్తే ఇది పోదు. ఆపరేషన్ అయినా గాలి ఆడట్లేదనే వాళ్లలో కొందరికి ముందే పట్టుకోకుండా వదిలేసింది ఇదే. డాక్టరుకు మీరే చెప్పి, దాన్ని విడిగా చూడమని అడగండి.

మందు చుక్కల సంగతి కూడా దాచొద్దు. ఆఫ్రిన్ లాంటి స్ప్రేలు గానీ, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆట్రివిన్ గానీ వరసగా 3 రోజులకు మించి వాడితే, మందు దిగగానే పొర మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతుంది. మళ్లీ కొట్టుకోవాలనిపిస్తుంది, అలా నెలలు గడిచిపోతాయి. అలాంటి ముక్కులో తప్పు దూలానిదో మందుదో తేలాలంటే ముందు ఆ స్ప్రే మానాలి.

అసలు వాడాల్సింది ఫ్లోనేజ్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. చీటీ లేకుండానే దొరుకుతుంది. వాడినా పనిచేయలేదనేవాళ్లలో చాలామంది దాన్ని కొట్టుకునే తీరే తప్పు. తల వెనక్కి వాల్చకుండా కాస్త ముందుకు వంచండి. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకోండి. అప్పుడు సీసా మూతి దానంతటదే బయటివైపుకి, అదే పక్క కంటి కొసవైపుకి తిరుగుతుంది. దూలం మీదికి గురిపెడితే పుండు పడి రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకండి, గొంతులో చేదు తగిలిందంటే మందు ముక్కు దాటి వెళ్లిపోయినట్టే. పెద్దలకు మొదటి వారం రోజుకోసారి ఒక్కో ముక్కులో రెండేసి స్ప్రేలు. ఒక్క రోజులో గుణం కనిపించదు, వారాలు వాడాలి. ఉప్పునీటితో కడుక్కునే అలవాటుంటే ముందు కడిగి తర్వాత స్ప్రే కొట్టాలి.

ఇన్సూరెన్స్ అడిగేదీ సరిగ్గా ఇదే. సెప్టోప్లాస్టీకి, అంటే దూలం సరిచేసే ఆపరేషన్‌కు, చాలా ప్లాన్లు ముందస్తు అనుమతి అడుగుతాయి. మందులు కొన్ని వారాల పాటు, చాలా పాలసీల్లో 4 నుంచి 6, వాడినా తగ్గలేదని డాక్టరు రాతలో కనిపించాలి. మీరు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. స్ప్రే మొదలుపెట్టిన రోజే మీ ప్రైమరీ డాక్టరుకు పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి, తేదీతో సహా రికార్డులో ఉండిపోతుంది. ఈఎన్‌టీ దగ్గర నోస్ స్కోరు అని అయిదు ప్రశ్నల కాగితం ఇస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, కూడి 5తో హెచ్చవేస్తే 100కి లెక్క వస్తుంది. మొహమాటానికి పోయి తక్కువ వేసుకోకండి, బాగా ఇబ్బంది పెట్టే రోజుని తలచుకుని నింపండి.

బిల్లుల్లో కొత్తవాళ్లు ఉలిక్కిపడేది మొదటి విజిట్‌లోనే. సన్నటి కెమెరా ముక్కులో పెట్టి రెండు నిమిషాలు చూస్తారు. ఆ ఎండోస్కోపీ కోడ్ 31231, అది సర్జరీ కోడ్‌ల కింద ఉంటుంది. దాంతో చాలా ప్లాన్లలో కోపే (విజిట్‌కు కట్టే స్థిర మొత్తం) సరిపోదు, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మీరే భరించాల్సిన మొత్తం) కింద కట్టాల్సి వస్తుంది. ఈఓబీలో, అంటే ఇన్సూరెన్స్ పంపే లెక్క కాగితంలో, సర్జరీ అని చూసి మోసమనుకోకండి. అసలు ఆపరేషన్ కోడ్ 30520, జబ్బు కోడ్ జె34.2. టర్బినేట్లు (ముక్కు లోపలి పక్క గోడల మీద ఉబ్బెత్తుగా ఉండే మడతలు) కూడా తగ్గిస్తామంటే 30140 లాంటి ఇంకో కోడ్ కలుస్తుంది. ఈ నంబర్లన్నీ సర్జన్ ఆఫీసులో అడిగి రాసుకుని ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయండి, ప్రతి కోడ్‌కూ అనుమతి వచ్చిందా అని విడివిడిగా అడగండి. సర్జన్, మత్తు డాక్టరు, ఆస్పత్రి మూడు వేరువేరు బిల్లులు పంపుతారు. ఇన్‌నెట్‌వర్క్ (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న) చోట చేయించుకున్నప్పుడు మత్తు డాక్టరు అవుటాఫ్ నెట్‌వర్క్ అయినా, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ప్రకారం మీ దగ్గర అదనంగా వసూలు చేయకూడదు. అదే సర్జన్ ఆస్పత్రిలోనూ, విడి సర్జరీ సెంటర్‌లోనూ చేస్తుంటే సెంటర్ సాధారణంగా చవక. డిడక్టబుల్ నిండిన ఏడాదిలోనే, మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే తేదీకి ముందే పెట్టుకోండి. ఉద్యోగం మారితే పాత అనుమతి కొత్త ప్లాన్‌లో చెల్లదు. ముక్కు బయటి ఆకారం మార్చడం సొంత ఖర్చే. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్‌లో దీన్ని ఆశించకండి.

గురక పోతుందని ఆశపడి చేయించుకుంటే మాత్రం నిరాశ తప్పకపోవచ్చు. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఈ ఒక్క ఆపరేషన్‌తో సాధారణంగా నయం కాదు. దానికి రాత్రిళ్లు గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్క్ వాడేవాళ్లకు దాన్ని భరించడం మాత్రం తేలికవుతుంది. నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటుంటే ముందు నిద్ర పరీక్ష చేయించి, ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

ఆపరేషన్ ఎక్కువగా పూర్తి మత్తులోనే చేస్తారు. సుమారు గంట పని, అదే రోజు ఇంటికి. కోత ముక్కు లోపలే, బయట మచ్చ ఉండదు. పొరను దూలం మీంచి జాగ్రత్తగా లేపి, వంగిన మృదులాస్థినీ ఎముకనూ తిన్నగా చేయడమో తీసేయడమో చేసి, పొరను మళ్లీ కుట్టేస్తారు. వంకరగా ఉందని మొత్తం తీసేయరు. పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని వదలాలి, ముక్కు నిలబడేది దాని మీదే. అది తగ్గితే ముక్కు నడుమ గుర్రపు జీనులా కుంగుతుంది. టర్బినేట్లను కూడా తగ్గించాలి తప్ప పూర్తిగా కోసేయకూడదు. అతిగా తీస్తే ముక్కు ఖాళీగా ఉన్నా గాలి చాలనట్టు అనిపించే అవస్థ రావచ్చు.

ఆపరేషన్‌కు ఒకటి రెండు వారాల ముందు నుంచి మానాల్సిన మందుల జాబితా ఇస్తారు. ఇక్కడ మనకు ప్రత్యేకమైన ప్రమాదం సూట్‌కేసులో తెచ్చుకున్న మందులు. డిస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంది, అంటే ఇక్కడి ఆడ్విల్. రెండూ రక్తస్రావాన్ని పెంచేవే. చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు, అశ్వగంధ లాంటివీ చెప్పండి. గుండెకు స్టెంట్ వేసి ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం గుండె డాక్టరుని అడగకుండా సొంతంగా మానకూడదు. పరగడుపు నియమంలో నీళ్లు, పాలు లేని టీ ఆపరేషన్‌కు 2 గంటల ముందు వరకు సాధారణంగా ఒప్పుకుంటారు. పాల చుక్క పడితే అది ఆహారం కిందే లెక్క, ఆ రోజు వాయిదా వేసినా వేస్తారు. ఇంటికి తీసుకెళ్లడానికి తెలిసిన పెద్దవాళ్లు రావాలి. ఒంటరిగా ఊబర్‌లో వెళ్తానంటే పంపరు.

మొదటి వారం ముక్కు ఆపరేషన్‌కు ముందుకన్నా ఘోరంగా మూసుకుపోతుంది. లోపల దూలాన్ని పట్టి ఉంచడానికి పెట్టిన సిలికాన్ పలకలు, గడ్డకట్టిన రక్తం, వాపు ఉంటాయి. ఆపరేషన్ చెడిపోయిందని దిగులు పడకండి. ముక్కు కింద కట్టిన గాజుగుడ్డ మొదటి రోజు తడుస్తూనే ఉంటుంది, మార్చుకుంటూ ఉండాలి. రెండు మూడు దిండ్లు వేసి తల ఎత్తుగా పెట్టుకోండి. ఒకటి రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, 10 పౌండ్లకు మించి ఎత్తకూడదు. కపాలభాతి, భస్త్రిక, జలనేతి తర్వాత గట్టిగా ఊపిరి కొట్టడం, ఇవన్నీ చీదడం లాంటివే. సర్జన్ సరేననే దాకా వద్దు. మరిగే నీటి ఆవిరి కూడా పట్టకండి, రక్తం మొదలవుతుంది. పలకలు సుమారు వారానికి తీసేస్తారు, అప్పుడు గాలి చల్లగా లోపలికి జారుతుంది. డెస్క్ ఉద్యోగానికి వారం సెలవు చాలామందికి సరిపోతుంది.

నొప్పికి టైలెనాల్ ఇస్తారు. అది మన డోలో, క్రోసిన్‌లలో ఉన్న పారాసిటమాలే, ఇక్కడ పేరు ఎసిటమినోఫెన్. డాక్టరు రాసే హైడ్రోకోడోన్ లాంటి గట్టి మాత్రలోనూ చాలాసార్లు 325 మిల్లీగ్రాములు కలిసే ఉంటుంది. అన్నీ కలిపి రోజుకు 4,000 మిల్లీగ్రాములు దాటితే కాలేయం దెబ్బతినొచ్చు. లెక్క కాగితం మీద రాసుకోండి.

ఉప్పునీటి కడుగుడుకు పంపు నీళ్లు నేరుగా వాడొద్దు. అరుదైనా, ముక్కు ద్వారా మెదడుకు పాకే అమీబా ప్రాణం తీస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కొనండి, లేదా 1 నిమిషం తెర్లనిచ్చి చల్లార్చండి. 6,500 అడుగులకన్నా ఎత్తున ఉన్న ఊళ్లలో 3 నిమిషాలు. పొట్లాలు లేకపోతే అయోడిన్ కలపని ఉప్పు 3 చెంచాలు, బేకింగ్ సోడా 1 చెంచా కలిపి పెట్టుకుని, 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లకు ఆ పొడి 1 చెంచా వేయండి. ఉత్త నీళ్లు పోస్తే చుర్రుమని మండుతుంది.

పై ముందరి పళ్లు, చిగుళ్లు మొద్దుబారినట్టుండటం మామూలే, మెల్లగా తగ్గుతుంది. రక్తం కారితే కూర్చుని ముందుకు వంగి ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా నొక్కండి, ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లండి. రెండు పక్కలా బిగిసి నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే పొర కింద రక్తం చేరిందేమో. అదే రోజు తీయించకపోతే మృదులాస్థి చచ్చిపోవచ్చు. జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దు, వాంతులు కలిసి వచ్చినా, ముక్కులోంచి తేటనీరు ఉప్పగా కారుతున్నా ఆన్‌లైన్‌లో అడుగుతూ కూర్చోకండి, సర్జన్ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

ఇండియాలో చేయించుకుందామనుకుంటే చక్కగా చేయించుకోవచ్చు, కానీ వీసా స్టాంపింగ్‌కు వెళ్లిన రెండు వారాల్లో ఇరికించకండి. పలకలు తీయడం, తర్వాత ఒకటి రెండుసార్లు శుభ్రం చేయడం అదే సర్జన్ చేతుల్లో జరగాలి, విమానం ఎక్కొచ్చని వారే చెప్పాలి. మూడు నాలుగు వారాలు చేతిలో పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఆపరేషన్ నోట్ కాపీ తెచ్చుకోండి, ఎంత మృదులాస్థి తీశారో అందులోనే ఉంటుంది, రెండోసారి అవసరమైతే ఇక్కడి సర్జన్ ముందు అదే అడుగుతారు. లోపలి వాపు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు. అలర్జీ ఉన్నవాళ్లు సర్జన్ మళ్లీ మొదలుపెట్టమన్నాక ఫ్లోనేజ్ కొనసాగించాల్సిందే. దూలం తిన్నగా అయినంత మాత్రాన ఏప్రిల్ పుప్పొడి ఆగదు.