పిడియాట్రిక్స్ ర్యాంకు ఉండి ఎస్పీఎం తీసుకోవడం తెలివైన పనేనా?

అడిగిన ప్రశ్న ఇదీ: గుంటూరులో హౌస్ సర్జన్సీ చేస్తున్న అమ్మాయి. పీజీలో పిడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) సీటు వచ్చే ర్యాంకుంది. కానీ "సౌమ్యా స్వామినాథన్‌లా దేశం మొత్తానికి పనికొచ్చే పని చేస్తా, ఎస్పీఎం తీసుకుంటా" అని కూర్చుంది. ఎస్పీఎం అంటే జనం మొత్తం ఆరోగ్యాన్ని, జబ్బుల నివారణను చూసే సామాజిక వైద్యం. వాళ్ళమ్మగారు కంగారు పడుతున్నారు.

అమ్మా, మీ అమ్మాయి పేరైతే సరైనదే పట్టుకుంది, దారే తప్పు చెబుతోంది. సౌమ్యా స్వామినాథన్ ఎస్పీఎం చదవలేదు. ఆవిడ పిల్లల డాక్టరు. పుణే సైనిక వైద్య కళాశాల (ఏఎఫ్‌ఎంసీ)లో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో పిడియాట్రిక్స్ ఎండీ, అమెరికాలో ఫెలోషిప్. 1992లో చెన్నై చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రంలో చేరారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యేసరికి 2015. ఆ కుర్చీలో కూర్చున్న రెండో మహిళ ఆవిడ. మొదటివారు జి.వి. సత్యవతి, ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) మనిషి. ఇద్దరిలో ఒక్కరిదీ ఎస్పీఎం కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు మొట్టమొదటి చీఫ్ సైంటిస్ట్ అయిందీ ఈవిడే. మన పత్రికలు మాత్రం ఇదంతా వదిలేసి "ఎం.ఎస్. స్వామినాథన్ కూతురు" అని మొదలుపెడతాయి. తండ్రి వరి వంగడాల శాస్త్రవేత్త అయితే కూతురికి క్షయ దానంతటదే వచ్చేస్తుందా!

1992 నుంచి 2015 దాకా లెక్కేయండి. 23 ఏళ్ళు. మధ్యలో కొంతకాలం జెనీవాలో పనిచేయడం మినహాయిస్తే ఒకే సంస్థ, ఒకే జబ్బు. అసలు కిటుకు అక్కడుంది.

పిల్లల క్షయ ఎంత మొండిదో చెబితేగానీ ఆ ఏళ్ళ విలువ అర్థం కాదు. పెద్దవాళ్ళయితే దగ్గి కఫం డబ్బాలో ఉమ్ముతారు. మూడేళ్ళ పిల్లాడు ఉమ్మడు, మింగేస్తాడు. కాబట్టి కఫాన్ని పొట్టలోంచే తీయాలి. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా ఉంచి, తెల్లారి మంచం దిగకముందే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి సిరంజితో లాగుతారు. అయిదు నుంచి పది మిల్లీలీటర్లు వస్తే పండగే. రాకపోతే కాస్త సెలైన్ పంపి మళ్ళీ లాగాలి. పిల్లాడు లేచి నాలుగడుగులు వేశాడా, కాసిని పాలు తాగాడా, పొట్టలో ఉన్నది కిందికి దిగిపోతుంది, ఆ రోజు శాంపిల్ పోయినట్టే. తీసింది ల్యాబుకి వెంటనే వెళ్ళకపోతే ఇంకో చిక్కు: కడుపులోని ఆమ్లం సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. అందుకే సోడియం బైకార్బొనేట్ కలిపి ఉంచాలి. ఇంతా చేసి మర్నాడు మళ్ళీ తీయాలి. పిల్లల్లో సూక్ష్మజీవులు తక్కువ, జబ్బున్నా చాలాసార్లు కల్చర్‌లో (ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు.

మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దల మాత్రని విరిచి, తేనెలో నూరి పోసే రోజులు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. విరిచిన సగంలో ఏ మందు ఎంతుందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు నీళ్ళలో కరిగే మాత్ర ఉంది: రిఫాంపిసిన్ 75, ఐసోనియాజిడ్ 50, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు. 4 నుంచి 7 కిలోల బిడ్డకి ఒకటి, 8 నుంచి 11 కిలోలకి రెండు. బరువు పెరిగినప్పుడు మోతాదు మార్చడం మరిచిపోవడం అన్నిచోట్లా జరిగే తప్పు. మందు పనిచేసి పిల్లాడు ఒళ్ళు చేస్తాడు, అదే మందు వాడికి చాలకుండా పోతుంది.

సౌమ్యా స్వామినాథన్ బృందం హెచ్‌ఐవీతో పాటు క్షయ ఉన్న పెద్దవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఒకటుంది. వారానికి మూడు రోజుల మందు ఆరు నెలలు చాలా, తొమ్మిది కావాలా? చికిత్స ముగిసేనాటికి రెండు బృందాలూ దాదాపు సమానమే. ఆ తర్వాత కూడా వదలకుండా చూస్తే, తొమ్మిది నెలలు వాడినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం తక్కువ. కోర్సు అయిపోగానే ఫైలు మూసేస్తే ఆ తేడా కనపడదు. ఏళ్ళ తరబడి పేషెంట్లని వెతికి పట్టుకునే సిబ్బంది, రిజిస్టర్లు ఉన్న చోటే ఇది సాధ్యం. 1956లో మొదలైనప్పటి నుంచీ ఆ చెన్నై కేంద్రం అలవాటే అది. ఇంట్లోనే మందు మింగేవాళ్ళు నిజంగా మింగుతున్నారా అని సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇంటికెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు, మూత్రం పరీక్షించేవాళ్ళు. శానటోరియం (క్షయ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆస్పత్రి) మంచమే అక్కర్లేదని తేలింది అలాగే. మన మదనపల్లె ఆరోగ్యవరం శానటోరియానికి జనం మూటాముల్లే కట్టుకుని వెళ్ళిన కాలం అది.

ఇంతకీ ఎస్పీఎం వద్దని కాదు. కౌన్సెలింగ్‌లో చివరిదాకా మిగిలే సీటని చులకనగా చూడటం ఆస్పత్రుల పేటలైన మన గుంటూరు కొత్తపేటలోనూ, విజయవాడ సూర్యారావుపేటలోనూ ఉన్న జబ్బు. స్కానింగ్ మెషీన్ పెట్టే వీలు లేని బ్రాంచీ మనవాళ్ళకి బ్రాంచీయే కాదు. లెక్కలంటే ఇష్టముంటే నిక్షేపంగా తీసుకోమనండి. తర్వాత చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ (ఎన్‌ఐఈ), ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ)లలో అంటువ్యాధుల దర్యాప్తు నేర్పే రెండేళ్ళ కోర్సులున్నాయి. కేంద్ర సర్వీసు కావాలంటే డాక్టర్ల కోసం యూపీఎస్సీ పెట్టే పరీక్ష, సీఎంఎస్ఈ: రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు, 120 ప్రశ్నలు, పైన ఇంటర్వ్యూ 100. రెండో పేపర్లో ఎస్పీఎం నుంచే 40 ప్రశ్నలొస్తాయి. వయసు మాత్రం చాలా పోస్టులకి 32, కేంద్ర ఆరోగ్య సర్వీసు మెడికల్ ఆఫీసర్లకి 35 దాటకూడదు. నీట్ పీజీ, ఎండీ, సీనియర్ రెసిడెన్సీ అంటూ తిరిగి ఈ గడువు జారవిడుచుకునేవాళ్ళే ఎక్కువ.

రెండింటిలో ఏదన్నది తేలకపోతే, పిల్లల వార్డులో డ్యూటీ పడిన వారం తెల్లవారుజామున అయిదున్నరకే వెళ్ళి ఆ గొట్టం వేయడం దగ్గరుండి చూడమనండి. తొమ్మిదింటికి రౌండ్స్‌తో పాటు వెళ్తే అప్పటికే పిల్లాడు ఇడ్లీ తినేసి కూర్చుంటాడు.