గ్రూపు మానేసి పొదుపు వెనక్కి తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 38 ఏళ్లు. మిర్చి గోడౌన్‌లో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తాను. సీజన్‌లో నెలకు 13,000 దాకా వస్తాయి. సీజన్ అయిపోయాక ఇళ్లలో పని చేసుకుంటే 7,000. మా ఆయన సొంత ఆటో నడిపేవారు. ఏడు నెలలుగా గడప దాటడం లేదు. నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. ప్రైవేటులో ఫీజు, మాత్రలు కలిపి నెలకు 3,500 అవుతోంది. డ్వాక్రా గ్రూపు లోన్‌లో నా వాటా ఇంకా 62,000 ఉంది, నెలకు 3,000 కట్టాలి. మైక్రోఫైనాన్స్ 38,000, నెలకు 2,600. రోజువారీ ఫైనాన్స్‌కు రోజుకు 100 చొప్పున మరో 60 రోజులు కట్టాలి. చేబదుళ్లు 25,000. తెలిసిన ఫైనాన్సర్ ఒకాయన నూటికి 4 రూపాయల వడ్డీకి లక్షన్నర ఇస్తానంటున్నారు. ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం, ఇంటి కాగితాలు అడుగుతున్నారు. మా ఆయన జబ్బు సంగతి తెలిస్తే మా అమ్మాయి పెళ్లికి అడ్డం వస్తుందని రెండు నెలలుగా గ్రూపు మీటింగులకు వెళ్లడం లేదు. గ్రూపు మానేసి నా పొదుపు 14,000 తీసుకుని, ఫైనాన్సర్ డబ్బుతో అప్పులన్నీ ఒకే చోటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. రెండూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊరు మారుతుంది, అప్పు మొత్తం మారుతుంది, చేసే పొరపాటు మాత్రం ఒకటే. ఇంట్లో ఒకరికి మనసు బాగోకపోతే ఆ సంగతి దాచడానికి ముందు గ్రూపుకు దూరమవుతారు. తక్కువ వడ్డీకి డబ్బు దొరికే చోటు అదే. దాన్ని వదులుకుని, ఎక్కువ వడ్డీవాడి గుమ్మం ఎక్కుతారు.

ముందు ఫైనాన్సర్ లెక్క చూద్దాం. ఇప్పుడు మీరు నెలకు కట్టేది 8,600. లక్షన్నరకు నూటికి 4 అంటే నెలకు 6,000. భారం 2,600 తగ్గినట్టు కనిపిస్తుంది, మీకు ఆశ పుట్టింది కూడా అక్కడే. కానీ ఆ 6,000 వట్టి వడ్డీ. ఏడాదికి 72,000 కట్టాక కూడా లక్షన్నర లక్షన్నరగానే ఉంటుంది. సీజన్ లేని నెలల్లో మీ సంపాదన 7,000. అందులో 6,000 వడ్డీకి పోతే తినేదేమిటి? ఇక ఖాళీ నోటు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారంతో, అంటే ఖాళీ నోట్ల మీద అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన కేసులతో, రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ తర్వాత కూడా ఖాళీ నోటు మీద సంతకం చేయొచ్చా అని అడిగేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది, దాచుకోను. ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికి తీయకండి.

రోజువారీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. సాధారణంగా 10,000 రాసుకుని చేతికి 8,500 ఇస్తారు, వంద రోజులు వంద చొప్పున వసూలు చేస్తారు. ఏడాది లెక్కన వడ్డీ వంద శాతం దాటుతుంది. అందరికంటే ముందు వదిలించుకోవలసింది దీన్ని.

గ్రూపు సంగతికి వద్దాం. 14,000 తీసుకుని బయటికొస్తే, నూటికి రూపాయి అటూ ఇటూ వడ్డీకి దొరికే బ్యాంకు లింకేజీ (గ్రూపుకు బ్యాంకు ఇచ్చే అప్పు), స్త్రీనిధి అప్పు రెండూ పోతాయి. పైగా మీ బాకీ ఉండగా ఆ పొదుపు చేతికి ఇవ్వరు, బాకీ కింద జమ చేసుకుంటారు. అంటే గ్రూపూ పోతుంది, డబ్బూ రాదు.

పరువు గురించి భయపడుతున్నారు కదా, నేను చూసింది చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కొన్ని నెలల తర్వాత అక్కడి ఒక గ్రూపు మీటింగుకు పొదుపు గురించి చెప్పడానికి వెళ్లాను. నా మాటలు ఎవరూ వినడం లేదు. చివరికి ఒకావిడ, వానపడితే చాలు రాత్రంతా లేచి కూర్చుంటున్నానని చెప్పింది. ఆమె నోరు విప్పిందో లేదో, మా ఇంట్లోనూ అంతేనని మరో ముగ్గురు అందుకున్నారు. ఒకామె కొడుకైతే పనికి వెళ్లడమే మానేశాడట. ఆ రోజు నా పాఠం పక్కకు పోయింది. పది మంది నెలకు 50 చొప్పున మామూలు పొదుపు కాకుండా విడిగా వేసుకోవాలని, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు వడ్డీ లేకుండా అందులోంచి ఇవ్వాలని, తోడుగా ఒకరు వెళ్లాలని అనుకున్నారు. నెలకు 500, ఏడాదికి 6,000. పెద్ద మొత్తం కాదు. కానీ చేతిలో డబ్బు లేని నెలలో మందులు ఆగకుండా ఆదుకుంటుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఇలాంటి కుటుంబాలకు వైద్యానికి, రాకపోకలకే నెలకు 1,000 నుంచి 1,500 ఖర్చవుతోంది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి అసలు వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది.

గ్రూపులన్నీ అంత మంచివి కావు. వాయిదా తప్పితే గుమ్మం ముందు కూర్చునే గ్రూపులూ ఉన్నాయి. మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి శ్రుతిమించి 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అందుకని మీటింగులో అందరి ముందూ ఏకరువు పెట్టమనను. లీడరుతో, ఆర్‌పీతో (గ్రూపుల పని చూసే రిసోర్స్ పర్సన్) విడిగా కూర్చుని, ఆయనకు ఆరోగ్యం బాగోలేదు, ఏడు నెలలుగా ఆటో నడవడం లేదు, నా వాయిదా కొన్నాళ్లు తగ్గించండి అని అడగండి. అంతకుమించి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కనిపించకుండా తిరిగే మనిషి మీదే పుకార్లు పుడతాయి, మీటింగుకు వచ్చే మనిషి మీద కాదు. మైక్రోఫైనాన్స్ బ్రాంచిలో కూడా ఇదే చెప్పండి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, అదీ గుర్తుచేయండి.

వైద్యం ఖర్చు వెంటనే తగ్గించుకోవచ్చు. గుంటూరు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పేదలకు, తెల్లకార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితం. డాక్టరు రాసిన పాత మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. అక్కడ చూపించేదాకా ఇప్పటి మాత్రలు ఆపకండి. డబ్బు లేదని మాత్రలు మానేసి, జబ్బు తిరగబెట్టాక దానికి పది రెట్లు పోసినవాళ్లు నాకు తెలుసు. ఆయన నోట చావు మాట వస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు నా పాత పాట. ఆపద సొమ్ము. ఆయన మంచాన పడ్డ రోజున మీ చేతిలో మూడు నెలల ఖర్చు ఉంటే రోజువారీ ఫైనాన్స్ అవసరమే పడేది కాదు. ఉన్న అప్పు తీరాక దాచుకుంటానని అందరూ అంటారు. అలా అయితే ఎప్పటికీ దాచలేరు, ఎందుకంటే చేతిలో ఏమీ లేనప్పుడు వచ్చే ప్రతి జ్వరమూ కొత్త అప్పవుతుంది. మీకు దారి మూల పడి ఉన్న ఆటోనే. ఆయన్ను అడిగి, లైసెన్సు ఉన్న నమ్మకస్తుడైన డ్రైవరుకు అద్దెకివ్వండి. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. రోజుకు 250 వచ్చినా, నెలకు పాతిక రోజులకు 6,250. మొదటి నెల డబ్బుతో రోజువారీ బాకీ మొత్తం ముగిసిపోతుంది. రెండో నెల నుంచి అందులో 5,000 పోస్టాఫీసు ఖాతాలో వేయండి. ముందు 15,000 చేయండి, తర్వాత 45,000 దాకా వెళ్లండి. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చాక పని తగ్గుతుంది కాబట్టి, సీజన్ నెలల్లో మీ కూలి నుంచి మరో 1,000 కలపండి. గ్రూపు పొదుపును ఇందులో లెక్కేయకండి, అది మీ చేతిలో ఉన్న డబ్బు కాదు. చేబదుళ్లవాళ్లకు నెలకు 500 అయినా ఇస్తూ ఉండండి, మొహం చాటేయకండి.

బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు చివరి దారి, అమ్మకం కాదు. ఈ పరిస్థితిలో ఎవరైనా ఆరోగ్య బీమా చేయిస్తామని వస్తే తొందరపడకండి. మానసిక జబ్బులకూ బీమా వర్తించాలని చట్టం ఉన్నా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు. నెలనెలా మాత్రలకు చాలా పాలసీలు ఇవ్వవు.

ఆటో అమ్మేయమని బంధువులు చెబుతారు. వినకండి. లక్షో రెండు లక్షలో వచ్చి అప్పుల్లో కలిసిపోతుంది. ఆయన కోలుకుని లేచిన రోజున పనిలోకి వెళ్లడానికి వాకిట్లో బండి ఉండాలి.