పాత హోల్డెన్‌ని మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చా? ముందు అది ఏ హోల్డెనో చూడండి

మీరు అడిగింది ఇది: మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు, 1970ల నాటి ఆస్ట్రేలియా కారు, హోల్డెన్ గానీ ఫోర్డ్ ఫాల్కన్ గానీ కొనాలని ఉంది. కొన్నాక ఇంజిన్, చక్రాలు, రంగు మార్చుకుంటే ఇక్కడి పాత కార్ల అభిమానులు మెచ్చుకుంటారా, లేక మంచి కారు పాడుచేశాడని తిట్టుకుంటారా?

అది ఏ కారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. నాలుగు డోర్ల మామూలు హోల్డెన్ కింగ్స్‌వుడ్ అయితే మీ ఇష్టం. ఎవరూ ఏమీ అనరు సరికదా, ఆపి మరీ బానెట్ ఎత్తమంటారు. అదే హోల్డెన్ స్పోర్ట్స్ మోడల్, అసలైన మొనారో జీటీఎస్ అయితే రేడియో మార్చేముందు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నేను డాండెనాంగ్ వైపు ఒక డెంటింగ్, పెయింటింగ్ షాపులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. నాకూ ఒక హెచ్‌క్యూ సిరీస్ కింగ్స్‌వుడ్ ఉంది. రోజూ చేతుల మీదుగా వెళ్లే పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఈ కార్లంటే ఇక్కడివాళ్లకి ఎందుకంత పట్టింపో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1948 నవంబరులో అప్పటి ప్రధాని బెన్ చిఫ్లీ చేతుల మీదుగా మొదటి హోల్డెన్ విడుదలైంది, అదీ ఈ ఊళ్లోనే, ఫిషర్మన్స్ బెండ్‌లో. కాలక్రమంలో సగం దేశం హోల్డెన్, సగం దేశం ఫోర్డ్ అయింది. మన దగ్గర ఇద్దరు హీరోల అభిమాన సంఘాల మధ్య ఎంత పట్టుదల ఉంటుందో ఇదీ అంతే, తండ్రి పార్టీయే కొడుకు పార్టీ. బాథర్స్ట్ కొండ మీద ప్రతి ఏడాదీ జరిగే రేసు దానికి ఆజ్యం పోసింది. 1971లో ఆలన్ మొఫాట్ ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్‌ఓ ఫేజ్ త్రీతో గెలిస్తే, మరుసటి ఏడాది పీటర్ బ్రాక్ హోల్డెన్ వాళ్ల చిన్న టొరానా ఎక్స్‌యూ-1తో గెలిచాడు. 2016 అక్టోబరులో ఫోర్డ్, 2017 అక్టోబరులో హోల్డెన్ ఇక్కడ కార్ల తయారీ ఆపేశాయి. ఇక కొత్తవి రావు. అందుకే ఉన్నవాటి మీద ప్రేమ ఇంకా పెరిగింది.

అభిరుచుల్లో మొదటి వర్గం ఉన్నది ఉన్నట్టు ఉంచేవాళ్లు. ఇంజిన్ మీది నంబరు, బాడీ ప్లేటు మీది నంబరు సరిపోవాలి, గొట్టాలకు వేసే క్లిప్పులు కూడా ఆనాటివే కావాలి. ఫేజ్ త్రీ ఫాల్కన్లు తయారైనవే 300. వేలంలో ఒక్కోటి పది లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. అలాంటిదాన్ని కోసి, గుచ్చి మార్చడం నా దృష్టిలో తప్పే. డబ్బు పోతుందని కాదు. అలాంటి కారు ఒకటి తగ్గితే మళ్లీ పుట్టదు.

రెండో వర్గమే పెద్దది, మీరు చేరబోయేదీ అందులోనే అనుకుంటాను. వీళ్లకి కారు బయటినుంచి ఆనాటిదిలా కనిపించాలి, నడిపితే ఈనాటిదిలా ఉండాలి. దీనికి హెచ్‌క్యూని మించింది లేదు. 1971 నుంచి 1974 వరకు 4.8 లక్షలకు పైగా తయారయ్యాయి. పోలీసులు, టీచర్లు, టాక్సీవాళ్లు అందరూ నడిపిన కారు. తుప్పుకి చాలా పోయినా ఇంకా దొరుకుతుంది, విడిభాగాలు కూడా కొత్తగా చేసి అమ్ముతున్నారు. దీన్ని మార్చితే చరిత్రకు వచ్చే నష్టం లేదు.

మార్పుల్లో మొదట ఏం చేయాలంటే బ్రేకులు. చౌక మోడల్ హెచ్‌క్యూలకు ముందు చక్రాలకు కూడా డ్రమ్ములే వచ్చేవి. పైగా మలుపుల్లో ఆ కారు మాట వినదు, స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే పోతుంది. ఈ గుణం హోల్డెన్ 1977లో హెచ్‌జడ్ మోడల్ తెచ్చేదాకా సరిగ్గా కుదరలేదు. అందుకని తెలిసినవాళ్లు హెచ్‌జడ్ ముందుభాగం ఫ్రేము మొత్తం, డిస్కులతో సహా, తెచ్చి హెచ్‌క్యూకి బిగిస్తారు. నా కారుకీ అదే చేశాం. చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు, మొదటి రౌండబౌట్ దగ్గరే నాకు తెలిసింది.

ఇంజిన్ విషయానికొస్తే, 1999 నుంచి హోల్డెన్ కమొడోర్లలో వచ్చిన ఎల్‌ఎస్1, 5.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ఈ ఆటని మొత్తం మార్చేసింది. యాక్సిడెంట్ అయిన కమొడోర్ల నుంచి ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్ కలిపి తీసుకోవచ్చు. హెచ్‌క్యూ ఇంజిన్ గది విశాలం, హాయిగా కూర్చుంటుంది. ఫోర్డ్ వర్గానికి బారా ఉంది. 2002లో ఫాల్కన్‌తో వచ్చిన 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ అది, జీలాంగ్‌లో తయారైంది. టర్బోది దొరికితే ఎంత బలమైనా రాబట్టొచ్చని మెకానిక్కులు ముచ్చటపడతారు. కాకపోతే పాత ఫాల్కన్లలో ఇంజిన్ గదికి రెండుపక్కలా సస్పెన్షన్ గోపురాలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. బారా ఇంజిన్ పైభాగం వెడల్పు, కాబట్టి తరచు వాటిని కోయాల్సి వస్తుంది. అది పెద్ద పని, ఖర్చు కూడా.

హోల్డెన్‌లో ఫోర్డ్ ఇంజిన్ పెడితే మాత్రం క్లబ్బులో మొహం చిట్లిస్తారు. అదే జనం వెనక యాక్సిల్ దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుని ఫోర్డ్ నైన్-ఇంచ్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వేసేస్తారు. అది విరగదు కాబట్టి పార్టీ గుర్తుకు రాదు! నాకు మాత్రం ఇంజిన్ ఆ కంపెనీదే అయితేనే తృప్తి. నా కారులో హోల్డెన్ సొంతంగా చేసిన 308 వీ8 ఉంది, 5 లీటర్లది. ఎల్‌ఎస్ కన్నా బలం తక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఆ చప్పుడు మాత్రం ఈ దేశానిదే.

మీరు ఫాల్కన్ జీటీకి నకలు చేయాలనుకుంటే ఒక మాట. ఫాల్కన్ కుటుంబంలోదే అయిన ఎక్స్‌వై ఫెయిర్‌మాంట్ కొని, జీటీ చారలు వేసి, పైన షేకర్ పెట్టేవాళ్లు చాలామంది. షేకర్ అంటే బానెట్‌కి చేసిన రంధ్రంలోంచి బయటికి వచ్చే గాలి డబ్బా. అది బానెట్‌కి కాదు, ఇంజిన్ మీదే బిగించి ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కండి, ఇంజిన్ ఒక పక్కకి ఒరుగుతుంది, దానితోపాటు అద్దంలోంచి మీకెదురుగా ఆ డబ్బా కూడా ఒరుగుతుంది. ఆ కదలిక కోసమే కొంటారు. నకలు చేయడంలో తప్పేం లేదు, అది నకలు అని నోరు తెరిచి చెప్పండి. బాడీ ప్లేట్లు మార్చి అసలుదని అమ్మడం మోసం, ఇక్కడ ఎవరూ దాన్ని క్షమించరు.

రంగు నా పని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ రంగులే కళ్లు జిగేల్‌మనేలా ఉండేవి: టొరానాలకు స్ట్రైక్ మీ పింక్, లెట్యూస్ అలోన్, ప్లమ్ డింగర్, క్రైస్లర్ వాళ్ల వాలియంట్ చార్జర్లకు విటమిన్ సి, హాట్ మస్టర్డ్, ఫాల్కన్లకు వైల్డ్ వయొలెట్. అందుకే ఇక్కడ మంచి అభిరుచి ఉన్న బిల్డర్లు ఎక్కడో ఇటాలియన్ కారు ఎరుపు తెచ్చి వేయరు. ఆ ఏడాది రంగుల కార్డులోంచే ఎంచుకుంటారు, మహా అయితే ఒక ఛాయ లోతు పెంచుతారు. ఆనాటి లాకర్ అనే పాతరకం పెయింటు స్థానంలో ఇప్పుడు రెండు ద్రవాలు కలిపి వేసే టూ-ప్యాక్ పెయింట్, దానిమీద క్లియర్ కోట్ అనే రంగులేని పూత. ఫ్యాక్టరీ పనికీ షో కారు పనికీ తేడా ఎక్కువగా కనిపించేది డోరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందులో. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఆ సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేది. షోకి తయారుచేసే కారులో దాన్ని పైనుంచి కిందదాకా ఒకే వెడల్పుకి తెస్తాం: అంచుకి సన్నని కమ్మీ వెల్డు పెట్టి, అరగదీసి, డోరు బిగించి, మూసి చూసి, మళ్లీ విప్పి అరగదీసి. పెయింటు వేసేది ఒక వారం, దానికి ముందు రేకు మీద పని నెలల తరబడి.

ఆ స్థాయి పని చూడాలంటే జనవరిలో కాన్‌బెర్రాకి, సమర్‌నాట్స్ అనే కార్ల పండగకి వెళ్లండి. 1988 నుంచి జరుగుతోంది. బయట టైర్ల పొగ, చప్పుడు. లోపల హాల్లో కార్ల కింద అద్దాలు పరిచి ఉంటాయి, అడుగుభాగానికి కూడా పైభాగమంత నున్నగా పెయింట్ వేస్తారు. నాకు ఆ హాలే ఇష్టం. బర్నవుట్లు, అంటే చక్రాలు గిర్రున తిప్పి టైర్ల పొగ లేపడం, నాకు పట్టవు గానీ వాటికోసమే కారు కట్టేవాళ్ల ఇంజినీరింగ్‌ని తక్కువ చేయను.

చక్రాల దగ్గర ఎక్కువమంది అతి చేస్తారు. 20 అంగుళాల చక్రాలు వేస్తే హెచ్‌క్యూ బండి మీద పెట్టినట్టుంటుంది. 15, మహా అయితే 17. చెవియట్ హాట్‌వైర్ చక్రాలు గానీ, సిమన్స్ చక్రాలు గానీ దొరికితే వదలకండి.

ఒకవేళ మీకు పాత ప్యానెల్ వ్యాన్ (వెనక పక్కలు రేకుతో మూసి ఉండే వ్యాన్) తగిలి, దాని పక్కన ఆ కాలంలో వేసిన సముద్రపు అల, సూర్యాస్తమయం బొమ్మలాంటిది ఉంటే చెరపకండి. 1974లో హోల్డెన్ శాండ్‌మ్యాన్ వచ్చినప్పుడు కుర్రాళ్లు సర్ఫ్‌బోర్డులు, పరుపు వేసుకుని బీచిలకు పోయేవాళ్లు, లోపల కార్పెట్, బయట ఎయిర్‌బ్రష్ బొమ్మలు. అప్పట్లో పెద్దవాళ్లు చూసి విసుక్కున్న ఆ మార్పులే ఇప్పుడు చరిత్ర. ఫ్యాక్టరీ రంగుకి తెస్తామని వాటిని గీకేస్తే పోయేది అదే. ఒకసారి ఒక కస్టమర్ అలాంటి వ్యాన్ తెచ్చి మొత్తం తెల్లగా వేయమన్నాడు. మా ఓనరు ఒప్పుకోలేదు, బొమ్మ ఉన్న పక్క వదిలి మిగతా తుప్పు మాత్రం బాగుచేసి పంపాం.

చట్టం సంగతి. మన దేశంలో కంపెనీ ఇచ్చిన కొలతలు, వివరాలు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇక్కడ అలా కాదు, మార్చొచ్చు, కాకపోతే లెక్క ప్రకారం మార్చాలి. ఎంత పెద్ద ఇంజిన్ పెట్టొచ్చో కారు బరువుని బట్టి నిబంధన ఉంది. కిందికి దించినా నేలకి 100 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఇంజిన్, బ్రేకుల్లాంటి పెద్ద మార్పులకు వాస్ సర్టిఫికెట్ (మార్పులు నిబంధనల ప్రకారం ఉన్నాయనే పత్రం) ఇచ్చే ఇంజినీరు సంతకం తప్పనిసరి. 25 ఏళ్లు దాటిన కారుకి పాత కార్ల క్లబ్బు ద్వారా క్లబ్ పర్మిట్ తీసుకుంటే ఏడాదికి 45 లేదా 90 రోజులు నడపొచ్చు, నడిపిన రోజు లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. వారాంతపు కారుకి అది చాలు, రిజిస్ట్రేషన్ ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇంజిన్ కొనడానికి ముందే ఆ ఇంజినీరుతో మాట్లాడండి, పని మధ్యలో కూడా వచ్చి చూస్తానంటాడు. కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి జేబులో వేసుకోండి. డోర్ల కింది సిల్లులు, వెనక చక్రాల పైభాగం, ముందు అద్దం కింది మూలలు, డిక్కీ అడుగు, ఈ నాలుగు చోట్లా పెట్టి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. బీచి దగ్గర పెరిగిన కారు అయితే ఇంకా జాగ్రత్త. సిల్లుల ఫోటోలు ఇక్కడ కామెంట్లలో పెట్టండి, డబ్బు ఇచ్చేముందు చూసి చెబుతాను.