పగ కథను మెచ్చుకోవడం: ఒక యువ సమీక్షకురాలికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

హిందీ సినిమా ‘బద్లాపూర్’ మీద నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని, దానితోపాటు జతచేసిన ఉత్తరాన్ని శ్రద్ధగా చదివాను. ఆ సినిమా చూశాక మనసు చాలాసేపు కుదుటపడలేదని, అంత కలత పెట్టిన సినిమాను మెచ్చుకోవడం తప్పేమోనన్న అనుమానం పీడిస్తోందని ఉత్తరంలో రాశావు. వ్యాసంలో మాత్రం ఆ కలత ఆనవాలు ఎక్కడా లేదు. కథను మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పి, నటీనటులకు తలా ఒక వాక్యం పంచి, ప్రతీకారం మంచిది కాదన్న సందేశాన్ని దర్శకుడు చక్కగా ఇచ్చారని ముగించావు. నా దృష్టిలో నీ ఉత్తరమే అసలైన సమీక్ష. నువ్వు రాయవలసినదంతా ఆ అనుమానంలోనే ఉంది.

ఇలాంటి సినిమా మీద రాసేటప్పుడు నేను ముందుగా వెతికేది ఒక్కటే: నా సానుభూతి ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గరికి చేరింది, ఏ దృశ్యంలో చేయి మారింది? పగ కథకు ఆయువుపట్టు అక్కడే ఉంటుంది. మామూలు పగ కథలో అన్యాయానికి గురైనవాడి పక్షాన మనల్ని మొదట్లోనే నిలబెట్టి, చివరి దెబ్బ పడేదాకా అక్కడినుంచి కదలనివ్వరు. ఈ సినిమా దర్శకుడు శ్రీరామ్ రాఘవన్ కూడా మనల్ని అక్కడే నిలబెట్టి, ఆ తరువాత కాళ్లకింద నేలను కొంచెం కొంచెంగా తొలగిస్తాడు. ఆ తొలగింపు ఎలా జరిగిందో చూపించగలిగితే నీ వ్యాసానికి ఒక పని ఏర్పడుతుంది.

మొదటి దృశ్యాన్ని నువ్వు ఒకే వాక్యంలో దాటేశావు. మళ్లీ చూడు. పుణెలో ఒక మామూలు వీధిని కెమెరా దూరంగా నిలబడి చూస్తూ ఉంటుంది. బండ్లు వెళుతుంటాయి, మనుషులు ఎవరి పనిమీద వాళ్లు నడుస్తుంటారు. ఎవరిని చూడాలో, ఏది ముఖ్యమో మనకు ఎవరూ చెప్పరు. బ్యాంకును దోచుకున్న ఇద్దరు బయటికి పరుగెత్తుకొచ్చి, చిన్న పిల్లవాడితో ఉన్న ఒక తల్లి కారులోకి చొరబడేసరికి, అంతదాకా మనం చూస్తున్నది ఒక కుటుంబపు చివరి క్షణాలని అర్థమవుతుంది. కాసేపటికి పిల్లవాడు కారులోంచి పడిపోతాడు, తల్లికి తుపాకి గుండు తగులుతుంది. సంగీతంతో ముందుగా హెచ్చరించి, ముఖాలను దగ్గరగా చూపి చెప్పివుంటే ఇదే ఘటన మనల్ని ఏడిపించి వదిలేసేది. దూరంనుంచి చూపడంవల్ల దారిన పోయే సాక్షుల్లో మనమూ ఒకరమవుతాం. చూసినవాడికి మరిచిపోయే వీలుండదు కాబట్టి, తరువాత ఆ తల్లి భర్త రఘు ఏం చేసినా, ఎంత దూరం పోయినా, చాలాసేపు అతన్ని క్షమిస్తూనే వస్తాం. దర్శకుడు మన చేత ఆ క్షమాపణను ముందుగానే రాయించుకున్నాడు.

పాత్రధారుల ఎంపిక గురించి కూడా ఇదే కోణంలో ఆలోచించు. రఘుగా వేసిన వరుణ్ ధావన్ 2012లో తెరమీదికి వచ్చినవాడు. 2015 ఫిబ్రవరి 20న ఈ సినిమా విడుదలయ్యేనాటికి ప్రేక్షకులకు అతను ఆటపాటల కుర్రవాడు. అలాంటి ముఖం మీద మనకుండే మక్కువను దర్శకుడు పెట్టుబడిగా వాడుకున్నాడు. అవతల నవాజుద్దీన్ సిద్దిఖీ వేసిన లియాక్, ఆ ఇద్దరు దొంగల్లో పట్టుబడినవాడు. కోర్టులో అబద్ధం చెప్పి నేరాన్ని, తప్పించుకుపోయిన జతగాడి మీదికి నెడతాడు, జైలునుంచి పారిపోవాలని చూస్తాడు, నోటి దురుసు ఎక్కువ, ప్రియురాలు ఝిమ్లీ పేరు చెబితే కరిగిపోతాడు. ఇంత బతుకుమీద తీపి ఉన్న మనిషిని ఎంత ద్వేషించాలనుకున్నా పూర్తిగా ద్వేషించడం కష్టం. ఒకడు జైల్లో ఉండి కూడా బతుకుతున్నాడు. ఇంకొకడు బయట ఉండి, బద్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ కొలువులో పదిహేనేళ్లపాటు తన పగ ఒక్కదానికే కాపలా కాస్తున్నాడు. “నవాజుద్దీన్ నటించలేదు, జీవించాడు” అని నువ్వు రాసిన వాక్యం ఈ తేడాను ముట్టుకోలేదు. ఆ వాక్యాన్ని, దానితోపాటు “నేపథ్య సంగీతం సన్నివేశాలకు ప్రాణం పోసింది”, “ఛాయాగ్రహణం కనువిందు చేసింది” వంటివాటిని కొట్టివెయ్యి. అవి ఏ సినిమాకైనా అతుకుతాయి కనుక ఏ సినిమా గురించీ ఏమీ చెప్పవు. అనిల్ మెహతా కెమెరా కనువిందు చేయాలని ఇందులో ఎక్కడా ప్రయత్నించలేదన్నది వేరే సంగతి.

ఈ కథకు మూలం ఇటలీ రచయిత మాసిమో కార్లొట్టో 2004లో వెలువరించిన నవల. ఆయన తాను చేయలేదని చెబుతూ వచ్చిన హత్యకు నేరస్థుడిగా ముద్రపడి ఏళ్లతరబడి జైలు, కోర్టులు, అజ్ఞాతవాసం అనుభవించి, చివరికి 1993లో దేశాధ్యక్షుడి క్షమాభిక్షతో బయటపడినవాడు. నవలలో భార్యాబిడ్డలను పోగొట్టుకున్న భర్త, జైల్లో ఉన్న ఖైదీ వంతులవారీగా తమ గొంతుతో తామే కథ చెబుతారు. సినిమాలో ఆ ‘నేను’ లేదు, అయినా ఇద్దరికీ సమానంగా చోటివ్వాలన్న పట్టుదల ఆ నిర్మాణంనుంచే వచ్చిందని నేననుకుంటాను. ఈ సంగతిని విజ్ఞానప్రదర్శనకోసం వ్యాసంలో ఇరికించవద్దు. ఖైదీ లోపలి జీవితానికి సినిమా అంత సమయం ఎందుకు కేటాయించిందన్న చర్చ వచ్చినచోట వాడుకో; అక్కడైతే దానికి విలువ ఉంటుంది.

ఇక నిన్ను ఎక్కువగా కలతపెట్టిన హర్మన్, కంచన్‌ల ఘట్టం. దోపిడీలో లియాక్‌కు జతగాడైన హర్మన్ ఇప్పుడు హోటలు నడుపుకుంటూ, భార్యతో పద్ధతిగా కాపురం చేసుకుంటున్నాడు. ఆ కంచన్‌కు పాత నేరంతో ఏ సంబంధమూ లేదు. రఘు ఆమెను గదిలో పెట్టి, గోడకు అవతల భర్త వింటూండగా, తనమీద అత్యాచారం జరుగుతున్నట్టు అరవమని శాసిస్తాడు. రాధికా ఆప్టే ముఖంలో అవమానం, భయం, మొగుణ్ణి కాపాడుకోవాలన్న తెగింపు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. నా సానుభూతి రఘును వదిలిపెట్టింది సరిగ్గా అక్కడ. తరువాత సుత్తితో జరిగే హత్యలు ఎంత దారుణమైనవైనా, అప్పటికే తెగిపోయిన బంధాన్ని మరోసారి తెంచేవి మాత్రమే. నీకు ఎక్కడ తెగిందో నువ్వు చెప్పాలి. నాకు తెగినచోటే నీకూ తెగాలని లేదు. ఝిమ్లీతో అతను ప్రవర్తించిన తీరు దగ్గరే కొందరికి తెగిపోయి ఉండవచ్చు. ఏ క్షణమో, ఏ చూపో చెప్పు. “రెండో సగంలో హీరో పాత్ర ప్రతికూలంగా మారుతుంది” అని రాస్తే చదివేవాడికి అందేది సమాచారం మాత్రమే.

నువ్వు గట్టిగా అడగవలసిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది, దాన్ని మెచ్చుకోలు పేరుతో మింగవద్దు. ఈ సినిమాలో ఆడవాళ్లందరూ మగవాళ్ల లెక్కల్లో పావులుగా వచ్చిపోతారు. రఘు భార్య మిషా చావు కథను మొదలుపెడుతుంది, కంచన్ ఒళ్లు హర్మన్‌ను శిక్షించే సాధనమవుతుంది, ఖైదీల మేలు కోరే శోభ నమ్మకం కూడా రఘు అవసరానికే ఖర్చవుతుంది. సినిమా దీన్ని చూసి చూపిస్తోందా, లేక తానూ అలాగే వాడుకుంటోందా? కంచన్ విషయంలో చూసి చూపించిందనీ, శోభ విషయంలో వాడుకుని వదిలేసిందనీ నా అభిప్రాయం. ఒక సినిమాను ప్రేమిస్తూనే దానిమీద ఈ ఫిర్యాదు ఉంచుకోవచ్చు. ప్రేమించిన సినిమా మీదే ఫిర్యాదు చేసే హక్కు ఎక్కువ.

అంత చీకటి కథను మెచ్చుకోవడం తప్పా అని అడిగావు. మన సాహిత్యంలో పగను మొహమాటం లేకుండా చూపిన ఘట్టాలు తక్కువేమీ కావు. తిక్కన సౌప్తికపర్వం అనువదించాడు; నిద్రపోతున్న పిల్లల్ని అశ్వత్థామ చంపిన ఆ రాత్రిని దాచలేదు. పోతన భాగవతం ప్రథమస్కంధంలో, బంధించి తెచ్చిన ఆ అశ్వత్థామను చూసి ద్రౌపది, తన బిడ్డలు పోయి తాను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి కృపి ఏడవకూడదని, వదిలిపెట్టమని అడుగుతుంది; చంపితీరాలని భీముడు పట్టుబడతాడు. ఆ ఘట్టం చదివినవాళ్లెవరూ ద్రౌపది దుఃఖం చిన్నదనుకోరు, భీముడి కోపం అబద్ధమనుకోరు. ‘బద్లాపూర్’లో ప్రతిమా కాజ్మీ వేసిన లియాక్ తల్లి పాత్ర చూస్తున్నంతసేపూ నాకు కృపి మనసులో మెదులుతూనే ఉంది. అక్కడ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లే ఎదుటి తల్లిని తలుచుకుంది. ఇక్కడ బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి ఆ తలపు రాదు. మనసు కుదుటపడకపోవడం నువ్వు సినిమాను సరిగ్గా చూశావనడానికి గుర్తు, దానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ముగింపు విషయంలో నీతో విభేదిస్తున్నాను. కడుపులో క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన లియాక్ రఘు చేసిన హత్యలను తన నెత్తిన వేసుకుని మళ్లీ జైలుకు పోవడాన్ని పశ్చాత్తాపం అన్నావు. పశ్చాత్తాపం ఉండవచ్చు. మిషాను కాల్చింది తానేనని అతను ఒప్పుకోవడం దానికి సాక్ష్యం. కానీ ఆ త్యాగంలో ఒక గెలుపు కూడా ఉంది: తన శత్రువుకు బతుకును దానం చేసి, ఆ దానాన్ని మోసే భారం అతనిమీద పెట్టి పోయాడు. పదిహేనేళ్లు కాపలా కాసిన మనిషి చేతికి చివరికి ఏమీ దక్కలేదు, కోపగించుకోవడానికి ఒక మనిషి కూడా మిగలలేదు. ఇంత స్పష్టంగా తెలిసిన విషయాన్ని చివర్లో ఝిమ్లీ చేత మాటల్లో చెప్పించడం అనవసరమని నాకు తోచింది. ఈ సినిమాలో దర్శకుడు మనమీద నమ్మకం తగ్గించుకున్న చోటు అదొక్కటే. నువ్వు కాదంటే కారణాలతో కాదను, సంతోషిస్తాను.

ముగింపును బయటపెట్టాలా వద్దా అన్న సందేహం వదిలెయ్యి. విడుదలైన రోజు రాసే సమీక్షకు ఆ నియమం వర్తిస్తుంది. ఏళ్లు గడిచాక రాసే వ్యాసానికి వర్తించదు, చివరను దాచి ఈ సినిమా గురించి నిజాయితీగా మాట్లాడడం సాధ్యం కాదు కూడా. కథాసారాన్ని ఒక పేరాకు కుదించు. మొదటి దృశ్యానికి, కంచన్ ఘట్టానికి నిడివి పెంచు. సందేశం గురించిన చివరి వాక్యాన్ని తీసివెయ్యి. నీ ఉత్తరంలోని అనుమానాన్ని తెచ్చి వ్యాసం మొదట్లో పెట్టు. తిరగరాసిన ప్రతిని పంపితే మళ్లీ చదివి నా అభిప్రాయం రాస్తాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి