ఫ్యాను రెక్క మీద పేరు

గుంటూరు.

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాబోయే కార్పొరేషన్ ఎన్నికల్లో మీ డివిజన్ నుంచి నిలబడబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషమా, భయమా అని మీ పెద్దమ్మ అడిగితే ఏమీ చెప్పలేకపోయాను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పాల ప్యాకెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లలో నడిచిన నువ్వే కళ్లకు కట్టావు. ఆనాడు ఏ గుమ్మం మీద సిలువ ఉంది, ఏ గుమ్మానికి మామిడాకులున్నాయి అని చూసి నువ్వు పాలు ఇవ్వలేదు. ఓటు అడగడానికి వెళ్లేటప్పుడూ ఆ నడకే నడవాలి.

ఓటర్ల జాబితాలో నీ పేరు, ఇంటి నంబరు సరిచూసుకో, ఇంటి పన్ను బకాయి ఉంటే కట్టెయ్యి, ఖర్చు లెక్క ఏ రోజుకారోజు రాయి, వేళకు అన్నం తిను. ఇవి నీకు తెలియనివి కావు.

మీ డివిజన్ ఎస్సీ రిజర్వుడు అయితే ఏం చేయాలన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో లేనివారికి ఎస్సీ హోదా ఉండదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణలు చెబుతున్నాయి. బాప్తిస్మం పొందిన మనవంటి వారిని మన రాష్ట్రంలో బీసీ-సి లో చేర్చారు. మతం మారినంత మాత్రాన మా చిన్నతనంలో ఊరి చెరువు దగ్గర మా అమ్మను ఎవరూ దగ్గరికి రానివ్వలేదు కనుక ఈ నియమం న్యాయమైనదని నేననను. అది మారాలని అడగడం నీ హక్కు. అయితే ఆదివారం గుడిలో ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకుని, సోమవారం వేరే మతం రాసిన సర్టిఫికెట్టు మీద సంతకం చేయడం మాత్రం కుదరదు. పాత కాగితం ఒకటి బీరువాలో ఉందిలే అని ఎవరైనా అంటే, ఆ కాగితంతోపాటు ఆ సలహాను కూడా బీరువాలోనే పెట్టి తాళం వెయ్యి.

మనవాళ్లంతా మనవాడికే ఓటు వేయాలనే మాట నీకు అనుకూలంగా వినిపిస్తున్నందువల్ల తీయగా ఉంటుంది, జాగ్రత్త. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడిగా ఉన్న హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడు. మతం పేరిట చట్టసభల్లో సీట్లు కేటాయించడం వద్దని 1949లో ఆ సభ నిర్ణయించినప్పుడు ఆయన దానికే మద్దతు పలికాడు. పక్కింటివాడి మంచితనం మీద నమ్మకముంచి మనవాళ్లు ఆనాడు వదులుకున్నదాన్ని ఈనాడు నువ్వు దొడ్డిదారిన అడగడం బాగుండదు. నాయకుల్ని ఎలా ఎంచుకోవాలో నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషేకు సలహా చెప్పిన యిత్రో మిద్యాను యాజకుడు, అంటే బయటివాడు. దైవభక్తి ఉంటే చాలునని ఆయన ఊరుకోలేదు. సామర్థ్యం ఉండాలన్నాడు, సత్యాసక్తి ఉండాలన్నాడు, లంచగొండి కాకూడదని కూడా ఆ వరుసలోనే చేర్చాడు. నీ ఓటరు నిన్ను ఆ నాలుగింటితోనూ తూచనీ. నీకంటే బాగా తూగేవాడు, ఏ మతం వాడైనా సరే, ఎదుట నిలబడితే మన సంఘస్థులు అతనికి వేయడం పాపమేమీ కాదని నీ నోటితోనే చెప్పగలగాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియదు. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు అప్పుడు నలభై రెండేళ్లు, సంఘ కార్యదర్శిని. మన గుడిలో ఉన్నవి రెండే ఫ్యాన్లు, అందులో ఒకటి మొరాయించేది. ఎన్నికల ముందు ఒక శనివారం రాత్రి ఒక అభ్యర్థి మనుషులు జీపులో ఆరు కొత్త సీలింగు ఫ్యాన్లు తెచ్చి వరండాలో దించారు. ప్రసంగం కాగానే అభ్యర్థి వేదిక మీదికి వచ్చి ఐదు నిమిషాలు సంఘానికి నమస్కారం చెప్పుకుంటే చాలునన్నారు. పాస్టరు అయ్యగారు ఆ రాత్రి ససేమిరా అన్నారు. ఒప్పించినవాణ్ణి నేనే. ముసలివాళ్లు ఉక్కకు సొమ్మసిల్లుతున్నారని చెప్పాను, అందులో అబద్ధం లేదు. ఆ అభ్యర్థి కుర్చీ పక్కన నేనూ నిలబడాలన్న ఆశ ఉన్నమాట మాత్రం చెప్పలేదు. మరునాడు రోమా పత్రిక 13వ అధ్యాయం చదివి, అధికారం దేవుని వలన కలిగినదే అని వివరించి, మన సంఘం ఓట్లన్నీ ఒకే తాటి మీద ఉంటాయని ఆ అభ్యర్థి మెడలో దండ వేసి మరీ మాటిచ్చాను. ఒక్కరినైనా అడిగి ఇచ్చిన మాట కాదది.

ఆయన గెలిచాడు. ఆ వానాకాలం గుడి వెనక సందులో మురుగుకాలువ పొంగి పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పన్నెండుమందిమి ఆయన ఇంటికి వెళ్లాం. వరండాలో కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. గంట తరువాత ఆయన బయటికి వచ్చి, చెప్పులు వేసుకుంటూ నవ్వుతూ నన్ను ఒకే మాట అడిగాడు: "ఏం మాస్టారూ, ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయా?" అంతే, కారెక్కి వెళ్లిపోయాడు. తిరిగి వస్తున్నప్పుడు స్త్రీల సమాజంలోని ఒక పెద్దావిడ, మున్సిపాలిటీలో చీపురు పట్టి బతికిన మనిషి, నా పక్కన నడుస్తూ మెల్లగా అంది: "అయ్యా, నా ఓటు నన్ను అడగకుండానే అమ్మావు, ఎంతకమ్మావో అదైనా చెప్పలేదు."

ప్రతి ఫ్యాను మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో ఆయన పేరు రాయించి పంపారు. తిరుగుతున్నంతసేపూ కనబడదు. కరెంటు పోతే రెక్కలు నెమ్మదించి ఆగేవి. సరిగ్గా ప్రభువు బల్లకు పైన ఆ పేరు ఆగి కనబడేది. ఆరాధన మధ్యలో కరెంటు పోకూడదని నేను ప్రార్థించిన రోజులున్నాయి, నవ్వకు. రెండేళ్ల తరువాత ఒక శనివారం నిచ్చెన వేసుకుని కిరసనాయిలుతో తుడిచాను. ఒక రెక్క మీద చివరి రెండక్షరాలు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి నీకు ఇది నా ఆజ్ఞ అనుకో: నువ్వు అభ్యర్థివై ఉన్నన్ని రోజులూ ఏ గుడి వేదికా ఎక్కవద్దు, మన గుడైనా సరే. మతసంస్థల ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడితే 1988 నాటి దుర్వినియోగ నిరోధక చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ కేసు పడేది నీ మీద కంటే ముందు అమాయకులైన అయ్యగారి మీద, సంఘ పెద్దల మీద. పార్టీ కండువా గేటు బయటే తీసేసి లోపలికి రా. గుడికి మైకు సెట్టు కొనిస్తానని, సమాధుల తోటకు గోడ కట్టిస్తానని అనకు. కాలువ బాగుచేయిస్తానని అందరికీ చెప్పు, అది నీ పని. ఇళ్లలో ప్రార్థన కూటాలకు పిలిస్తే వెళ్లు, ప్రార్థించు, పాంప్లెట్లు మాత్రం సంచీలోనే ఉంచు. "బలపరచండి" అని నీ పేరు ప్రార్థనలో ఎవరైనా ఎత్తితే, నీ ఎదుట నిలబడ్డవారి పేర్లు కూడా ఎత్తమని చెప్పు. అధికారులందరి కొరకూ ప్రార్థించమని పౌలు తిమోతికి రాసినదానిలో మన పార్టీ వారి కొరకు అన్న మాట లేదు.

ఓటుకు నోటు సంగతి వేరే చెప్పాలా? పంచేవాడు నీ వాడైతే నీకు తెలియదనడం చెల్లదు. లంచం చూపున్నవాడికి కూడా గుడ్డితనం కలిగిస్తుందని ఆదివారం బడిలో నువ్వు కంఠతా చెప్పి పెన్సిలు డబ్బా బహుమతి తెచ్చుకున్న వచనమే. అప్పుడు నీకు ఎనిమిదేళ్లు. ఆ డబ్బా మూత ఊడిందని నా భుజం మీద పడి ఏడ్చావు, దారం కట్టి ఇచ్చాను. ఇప్పుడు నేనిలా గద్దిస్తుంటే నీ కళ్లలో నీళ్లు తిరుగుతాయేమోనని చెయ్యి ఆగుతోంది. భయపడేది నీ నిజాయితీ గురించి కాదు తల్లీ, నీ మొహమాటం గురించి. ఇచ్చింది తీసుకోకపోతే పెద్దవాళ్లు బాధపడతారని నువ్వు అనుకుంటావు. అది మన ఇంటి జబ్బు.

ఈ ఉత్తరం మీ అయ్యగారికి చూపించు. నామినేషన్ తేదీ తెలియగానే కబురు చెయ్యి, మేమిద్దరం తొలి బస్సుకు వస్తాం. పిల్లవాణ్ణి పెద్దమ్మ చూసుకుంటుంది. నా ఓటు గుంటూరులో ఉంది కనుక నీకు వేయలేను. ఆ ఖర్చుల పుస్తకం మాత్రం నాకివ్వు, రోజూ నేనే రాస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న